తెరుచుకోని దాతల జాబితా

2008లో ఒక సోమవారం ఉదయం దేవిక చిలకలగూడలోని ఆఫీసుకి వచ్చేసరికి రక్తదాతల వెబ్‌సైట్ పనిచేయడం లేదు. ఆరుగురున్న చిన్న కంపెనీ వాళ్లది. ఒక సేవాసంఘం కోసం ఆ సైట్‌ని ఉచితంగా చేసిపెట్టారు. జంటనగరాల్లో రక్తం ఇస్తామన్న నాలుగు వందల మంది పేర్లు, ఫోన్ నంబర్లు అందులో ఉన్నాయి.

కారణం త్వరగానే తెలిసింది. సర్వర్ అద్దెకిచ్చినవాళ్లు ఆదివారం, సైట్‌ని నడిపించే ఫ్రేమ్‌వర్క్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించారు. పేరులో ఎన్ని అక్షరాలుండొచ్చో చెప్పే మాట దగ్గర్నుంచి, మోడల్స్ రాసే పద్ధతే అందులో మారిపోయింది. డేటాబేస్‌లో ఏం ఎక్కడుందో సైట్‌కి చెప్పేవి ఆ మోడల్సే. అవి రాసిన సదాశివ ఉద్యోగం మానేసి ఏడాదైంది. హెచ్చరిక మెయిల్స్ అతని పాత అడ్రసుకే వెళ్లాయి.

"నువ్వే చూడాలె దేవికా. మిగతోళ్లంత క్లయింట్ దగ్గరున్నరు," అన్నాడు ఓనర్ హరికిషన్.

దేవికవాళ్లది శ్రీకాకుళం. కంగారుపడితే ఊరి మాట వచ్చేస్తుంది. "నాను పేజీలు డిజైన్ చేస్తాను గానీ, మోడల్స్ ఎప్పుడూ ముట్టుకోనేదు సార్."

"నాకు సుత రాదు," అన్నాడాయన.

పదకొండింటికి తుకారాం వచ్చాడు. సీతాఫల్‌మండిలో టైలరు. సేవాసంఘంవాళ్లు పంపారట. కూతురు హిమజకి తెల్లవారుజామున కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తస్రావం ఆగడం లేదు. ఆమెది ఓ నెగెటివ్. ఆస్పత్రిలో ఉన్న రెండు బ్యాగులూ ఎక్కించేశారు.

"మూడు బ్లడ్‌బ్యాంకులు తిరిగిన బిడ్డా. యాడ లేదు. మీ కంప్యూటర్ల పేర్లున్నయంట గద, జెర తీసియ్యమ్మా."

"ఉన్నాయండీ. తెరుచుకోవట్లేదు."

"ఉన్నయంటవు, తెరుసుకుంటలేవంటవు. గిదేందమ్మా?"

దేవిక ఆయనకి కుర్చీ చూపించి హరికిషన్‌ని పిలిచింది.

హరికిషన్ సర్వర్‌వాళ్లకి ఫోన్ చేశాడు. పాత వెర్షన్ తిరిగి పెట్టమన్నాడు. కనీసం జాబితా అయినా పంపమన్నాడు. కంప్లైంట్ రాసుకున్నాం, ఇరవై నాలుగు గంటల్లో చూస్తామన్నారు.

దేవిక మోడల్స్‌లో పాత మాట తీసి కొత్తది పెట్టింది. తెర మీద ఇంకో తప్పు చూపించింది. అదీ సరిచేస్తే మరొకటి. ఒకటి పోతే గానీ తర్వాతది బయటపడదు, మొత్తం ఎన్నున్నాయో తెలిసే దారి లేదు. తుకారాం ఎదురు కుర్చీలో కూర్చుని ప్రతిసారీ "అయిందా?" అన్నాడు. కాసేపటికి అడగడం మానేశాడు. అప్పుడు దేవికకి మరీ కష్టమనిపించింది. భార్య విజయమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "వస్తున్న, వస్తున్న" అని మాత్రం అంటున్నాడు.

ఒంటిగంటకి, తొందరలో, దేవిక ఒక మాటని అన్ని ఫైళ్లలోనూ ఒకేసారి మార్చేసింది. సరిగ్గా ఉన్నవి కూడా చెడిపోయాయి. కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఒక్కొక్కటే మళ్లీ వెనక్కి మార్చింది. దానికే నలభై నిమిషాలు పట్టింది.

రెండున్నరకి జాబితా తెరుచుకుంది. ఓ నెగెటివ్ వాళ్లు ఆరుగురే. రెండు నంబర్లు ఇప్పుడు వాడకంలో లేవు. ఒకాయన పోయిన నెలే రక్తం ఇచ్చాడు, మూడు నెలలదాకా మళ్లీ ఇవ్వకూడదు. ఒకాయన విజయవాడలో ఉన్నాడు. ఇంకొకరు ఫోన్ ఎత్తలేదు. చివరి నంబరు మల్కాజ్‌గిరిలో మేబెల్ అనే టీచరుది.

"క్లాసులో ఉన్నానమ్మా. పర్మిషన్ తీసుకుని ఆటోలో వెళ్తా. ఏ ఆస్పత్రి?"

తుకారాం అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

సాయంత్రం హరికిషన్ ఫోన్ చేస్తే విజయమ్మ ఎత్తింది. మేబెల్ రక్తం నాలుగింటికి ఎక్కించారు. కానీ రెండింటికే, ఇక ఆగలేక, రక్తస్రావం ఆపడానికి డాక్టర్లు గర్భసంచి తీసేశారు. భర్త కంగారుపడతాడని ఆమె ఆ సంగతి ఫోన్లో చెప్పలేదు. "పాణం దక్కింది సార్," అంటూ ఏడ్చింది.

మర్నాడు దేవిక ఆస్పత్రికి వెళ్లింది. హిమజ నిద్రపోతోందని నర్సు చెప్పింది. వరండాలో డ్యూటీ డాక్టరుని ఆపి అడిగింది.

"రక్తం పన్నెండింటికే వచ్చుంటే, తీయాల్సి వచ్చేది కాదా అండీ?"

"చెప్పలేమమ్మా. కావచ్చు, కాకపోవచ్చు," అంటూ ఆయన వెళ్లిపోయాడు.

తుకారాం చూపిస్తే విజయమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని వార్డులోకి తీసుకెళ్లింది. "గీ బిడ్డే మా హిమజకు రక్తం దొరకబట్టింది," అని పక్క మంచాలవాళ్లకి చెప్పింది. పసిపాపని ఆమె ఒళ్లో పెట్టింది. తన తొందరవల్ల పోయిన ఆ నలభై నిమిషాల సంగతి చెప్పాలనుకుంటూనే దేవిక పాప తలకింద చెయ్యి పెట్టింది. విజిటర్లు వెళ్లాలని నర్సు కేకేసేదాకా పాపని అలాగే పట్టుకుని కూర్చుంది.