కాగితం మీది ఉత్తరం

మా మొంబాసాలో మక్కా ఎటు అని అడిగితే చిన్నపిల్లలు కూడా ఉత్తరం వైపు చెయ్యి చూపిస్తారు. ఇంకెక్కడైనా మసీదు కట్టేవాళ్లు దిక్కు లెక్క వేసుకోక తప్పదు. మాకా బాధ లేదు. ఆ సుఖమే మా కొంప ముంచింది.

మ్వానాకొంబో మా వీధి పిల్ల. ఆర్కిటెక్ట్ ఫూమో ఆఫీసులో బిమ్ పని చూసేది. బిమ్ అంటే ఉత్త బొమ్మలు గీయడం కాదు, కట్టబోయే భవనాన్ని ప్రతి దూలంతో, ప్రతి పైపుతో ముందే కంప్యూటర్లో కట్టేయడం. మా వీధి మసీదు పాతబడి పెచ్చులూడుతుంటే కొత్తది కట్టే పని ఆ ఆఫీసుకే వచ్చింది. మసీదు కమిటీ పెద్ద, ముసలాయన బ్వానాహేరి, తన ఇంటి పెరడు కూడా దానికి రాసిచ్చేశాడు. మ్వానాకొంబో ఆయన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి కొత్త మసీదు లోపలంతా తిప్పి చూపించింది.

"చూడు తాతా, ఏ పైపూ ఏ దూలానికీ అడ్డం రాదు. ఒక్క తప్పు కూడా లేదని మోడలే చెబుతోంది."

"నువ్వు చెప్పావు, అది చాలమ్మా. ఇక పాతది పడగొట్టించేస్తాను," అన్నాడాయన.

పడగొట్టేశారు. కొత్త గోడలు లేచాయి, స్లాబు పడింది. అప్పుడు కిటికీలకు ఎండ ఎంత తగులుతుందో చూద్దామని మ్వానాకొంబో మళ్లీ మోడల్ తెరిచింది. ఎండ లెక్కకు అసలు ఉత్తరం ఎటో చెప్పాలి. సర్వే పటం తీసి ఆ దిక్కు నింపింది. నింపగానే ఇమాం ఎదురుగా నిలబడే గోడ, మక్కా వైపు ఉండాల్సిన గోడ, ఉత్తరానికి బాగా పక్కకు తిరిగి కనిపించింది.

తెర మీద గీతలు తిన్నగా ఉంటే పని సులువని, మొదట్లోనే ఆమె మా వీధి అడ్డంగా వచ్చేలా స్థలాన్ని తిప్పి పెట్టుకుంది. అందరూ చేసే పనే. అలా తిప్పాక తెర పైభాగం ఉత్తరం కాదు కాబట్టి, అసలు ఉత్తరాన్ని విడిగా నమోదు చెయ్యాలి. తర్వాత చేద్దాంలే అనుకుని మరిచిపోయింది. కాగితానికి పైభాగం ఉత్తరం, ఉత్తరం మక్కా, ఇంకేం కావాలి అని మక్కా గోడను తెర పైభాగాన పెట్టేసింది. ఫూమో చూశాడు, ఇంజనీరు చూశాడు, ఇమాం కూడా చూసి తలూపాడు. పాత మసీదు గోడలు వీధికి ఏటవాలుగా ఉండేవి. అప్పటివాళ్లకు గోడ తిన్నగా కట్టడం రాదు పాపం అని నవ్వుకుని, మోడల్‌లో వాటిని సరిచేసిపెట్టింది కూడా ఈ పిల్లే.

ఆమె పిలిస్తే ఫూమో వచ్చి తెర చూశాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు సార్."

"అయితే నోరు మూసుకో. నమాజుకి దిక్సూచి పట్టుకుని ఎవడూ రాడు."

"అందరి ఫోనుల్లోనూ ఉంటుంది సార్ అది."

ఆమె నేరుగా బ్వానాహేరి ఇంటికి వెళ్లింది. ఆయన అరుగు మీద కాఫీ తాగుతున్నాడు. గోడ తప్పు దిక్కున ఉందని, తప్పు తనదేనని చెప్పేసింది. ఆయన కప్పు పక్కన పెట్టాడు.

"పడగొట్టి మళ్లీ కట్టలేమా?"

"పునాదులతో సహా తీసెయ్యాలి తాతా."

"అంత శక్తి మనకెక్కడిది? పాతదున్నా బాగుండేది. నీ మాట మీదే కదా తల్లీ, దాన్ని పడగొట్టించాను."

తిట్టినా బాగుండేది. ఆయన ఏడ్చాడు. ఆమెకు చచ్చిపోవాలనిపించింది.

కమిటీ కూర్చుని మాట్లాడుకుంది. తివాచీ మీద ఏటవాలు గీతలు వేయిస్తే జనం వాటి వెంట నిలబడతారు, నమాజు చెల్లుతుంది అన్నాడు ఇమాం. ఊరంతా నవ్వుతుందని, ఇళ్లల్లో ఎవరూ ఈ మాట ఎత్తకూడదనుకున్నారు.

మసీదు తెరిచాక మొదటి శుక్రవారం కింద మగవాళ్ల వరసలు గోడకు ఏటవాలుగా సాగాయి. బ్వానాహేరి రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురంపాడు.

పైన ఆడవాళ్ల మేడ మీద గీతలు వేయించడం ఎవరికీ గుర్తులేదు. వాళ్లకు చెప్పాలని కూడా తోచలేదు. మ్వానాకొంబో మెట్లెక్కేసరికి కొత్త తివాచీ మీద ఒక్క గీతా లేదు. ఆడవాళ్లంతా భుజం భుజం ఆనించుకుని, ముచ్చటగా, తిన్నగా ఆ గోడకే తిరిగి నిలబడి ఉన్నారు. ఆమె వరస చివర చేరి పక్కకు తిరిగింది.

"ఏంటే ఆ వంకర నిలబడటం?" అంది మేనత్త రిజికి. "దగ్గరికి జరుగు. మధ్యలో సందు వదలకూడదు."

"అత్తా, మక్కా అటు కాదు. ఇటు."

"చాల్లేవే. అంత చదువుకున్నవాళ్లు కంప్యూటర్లో చూసి మరీ కట్టారు. వాళ్లకు తెలీదా?"

"కంప్యూటర్లో కట్టింది నేనే అత్తా. తప్పు కట్టాను."

"దిష్టి తగులుతుందని ఇవాళ కూడా నీ పనికి నువ్వే వంకలు పెట్టుకుంటావా? మా పిల్ల కట్టిన మసీదని ఇందాకట్నుంచి అందరికీ చెప్పుకుంటున్నాను. నా పరువు తియ్యకు, తిన్నగా నిలబడు."

వరసలోని ఆడవాళ్లు ఆమె వైపు తిరిగి నవ్వారు. ఒకామె దీవిస్తున్నట్టు తలూపింది. కింద ఇమాం గొంతెత్తాడు. అత్త మోచెయ్యి పట్టుకుని లాగింది. మ్వానాకొంబో వరసలోకి జరిగి, వాళ్లందరితో పాటు ఆ గోడకే తిరిగి చేతులు కట్టుకుంది.