సుబ్రహ్మణ్యం గారి పార్సిలు

పెళ్ళికి ముందురోజు మధుపర్కాలు విప్పి చూస్తే పెళ్ళికూతురి చీర అంచులో ఒక నల్లపోగు కనిపించింది. చూసింది నేనే.

"నీ కళ్ళజోడు ఇవాళే దొరకాలా అత్తా?" అని విసుక్కున్నాడు మా మేనల్లుడు సుబ్రహ్మణ్యేశ్వరరావు. విసుక్కుంటూనే పెడన కొట్టుకి ఫోను చేసి ఇంకో జత పంపమన్నాడు. తెల్లారి మొదటి బస్సులో వేస్తామన్నారు.

వాడి కూతురు సుప్రజ, తల్లి పోయాక నా దగ్గరే పెరిగింది. తాళి కట్టే వేళకి కొత్త జత రాకపోతే దాని ఒంటి మీద ఆ నల్లపోగు చీరే ఉంటుంది. నాకు రాత్రంతా నిద్ర లేదు.

పొద్దున్న పందిట్లో ఎవరిని అడిగినా పార్సిలు వచ్చే వేళ తడుముకోకుండా చెప్పారు.

"బందరులో బస్సు మారాలి గదండీ. టిఫిన్లయ్యేసరికి వచ్చేసుద్ది" అన్నాడు వంటాయన.

"ఆ డ్రైవరు చల్లపల్లిలో టీ తాగందే కదలడు మామ్మగారూ. ఇంకో అరగంట వేసుకోండి" అన్నాడు రోడ్డు మీద బడ్డీకొట్టు చిట్టిబాబు.

నాకు ఈ లెక్కల మీద నమ్మకం లేదు. ఉప్పెన వచ్చిన ఏడు మా ఆయన మాపటికల్లా వచ్చేస్తానని చెప్పే కోడూరు వెళ్ళారు. అప్పటినుంచీ ఎవరైనా ఫలానా వేళకి వస్తానంటే, వచ్చేదాకా నేను గుమ్మం వదలను.

బడ్డీకొట్టు దగ్గరే నిలబడ్డాను. టిఫిన్లయ్యాయి. చిట్టిబాబు అరగంట కూడా అయింది. చివరికి బస్సు వచ్చి ఆగింది.

"మోపిదేవి పార్సిలా? ముందు బస్సువాళ్ళు పొద్దున్నే ఇచ్చేశారు గదమ్మా" అన్నాడు కండక్టరు.

"ఎవరికిచ్చారు నాయనా?"

"ఇంకెవరికి, స్వామికే! అట్ట మీద 'శ్రీ సుబ్రహ్మణ్యేశ్వర, మోపిదేవి' అని ఉందంట. ఎవరో మొక్కుబట్టలు పంపారనుకుని గుళ్ళో ఇచ్చొచ్చాడు మావాడు."

పెడన కొట్టువాడు మా వాడి పేరు చివర 'రావు' రాయలేదు.

ఎవరికీ చెప్పకుండా గుడివైపు నడిచాను. బట్టలు స్వామికి కట్టేసి ఉంటే ఏం చెయ్యాలి? దేవుడి ఒంటి మీది బట్ట తిరిగి అడిగితే నల్లపోగుకన్నా పెద్ద కీడు కాదూ? వరసలో ఉన్నవాళ్ళని బతిమాలుకుంటూ ముందుకెళ్ళాను. మధుపర్కాలు పళ్ళెంలో, స్వామి ముందు ఉన్నాయి.

పూజారికి సంగతి చెప్పాను.

"మీవా?" అన్నాడు పూజారి. "నేను పొద్దుటినుంచీ తల పట్టుకున్నానండీ. ఉన్నది ఒకటే చీర, అమ్మవార్లేమో ఇద్దరు. ఏ ఒక్కరికి కట్టినా రెండో ఆవిడ ఊరుకుంటుందా?"

వరసలో వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"స్వామి ముందు పెట్టినవి ఎలా తీసుకెళ్ళను బాబూ?"

"మీరెక్కడ తీసుకెళ్తున్నారు? ఆయన పిల్లకి పెడుతున్నారు" అని పసుపు అద్ది చేతిలో పెట్టాడు.

గుడి మెట్ల మీద కూర్చుని, అంచు పొడుగునా వేలితో తడిమి చూశాను. ఎర్రపోగులే. లేచి వీలైనంత గబగబా నడిచాను. పందిరి దగ్గరికి వచ్చేసరికి భజంత్రీలు గట్టిగా వాయిస్తున్నారు. మేనల్లుడు నా చేతిలో బట్టలు చూసి దండం పెట్టినంత పని చేశాడు.

గదిలో సుప్రజ కాటుక చెంపల దాకా కారి ఉంది.

"ఇవిగోనే బట్టలు. ఇంకెందుకు ఏడుపు?"

"బట్టల కోసం ఎవరేడ్చారు? చెప్పకుండా ఎక్కడికి పోయావు మామ్మా? ఎవర్నడిగినా ఇదిగో వచ్చేస్తుంది, అదిగో వచ్చేస్తుంది అంటారు. ఒక్కళ్ళకీ తెలీదు!"

కొంగుతో దాని చెంపలు తుడిచాను. చీర కడుతుంటే కుచ్చిళ్ళు రెండుసార్లు జారిపోయాయి. బయట పురోహితుడు కేకేశాడు.

"వెళ్ళమ్మా, వేళవుతోంది" అన్నాను.

అది కదల్లేదు. "నువ్వు ముందు నడువు" అంది. "నాకు కనపడేచోట కూర్చో."