ఆరువందల పదకొండులో వాన

కాపర్ లాంతర్ హోటల్లో ఆరో అంతస్తు గదులు శుభ్రం చేసే గ్రిసెల్డా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు బండి తోసుకుంటూ లిఫ్ట్ ఎక్కుతుంది. ఆ లిఫ్ట్ వయసులో ఆవిడ కన్నా పెద్దది. మూడో అంతస్తు దగ్గర ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటే గానీ పైకి పోదు. లాస్ వేగాస్‌లో కొత్త హోటళ్ళన్నీ ఊరికి దక్షిణాన ఉన్నాయి. అక్కడ గాలి పీల్చినందుకు కూడా బిల్లు వేస్తారని జనం ఆడిపోసుకుంటారు. డౌన్‌టౌన్‌లోని ఈ ముసలి హోటల్ మాత్రం ఇంకా చవగ్గా గది ఇస్తుంది, గదికి ఇత్తడి తాళంచెవి ఇస్తుంది. కింద జూదం హాల్లో నాణెం వేసి పిడి లాగే పాత యంత్రాలు ఒక వరస అలాగే అట్టేపెట్టారు. కార్పెట్ మీది పువ్వులు ఒకప్పుడు ఎర్రగా ఉండేవట.

హవాయి వాళ్ళకి ఈ హోటలంటే ప్రాణం. విమానం, గది, భోజనం కూపన్లు అన్నీ కలిపిన ప్యాకేజీలో ఏడాదికోసారి దిగుతారు. ఎంత చలిగా ఉన్నా కాళ్ళకి రబ్బరు చెప్పులే. పొద్దున్నే కింద క్యాంటీన్లో గుడ్లతో అన్నం తినందే వాళ్ళకి తెల్లారదు. ఎక్కడికైనా చేతులూపుకుంటూ వెళ్ళడం వాళ్ళ ఇంటా వంటా లేదు. రిసెప్షన్‌లో వాళ్ళకి బిస్కెట్ల డబ్బా, పేకముక్కలు పంచేవాళ్ళకి మెకడామియా గింజలు, గదులు ఊడ్చేవాళ్ళకి ఉప్పూ పులుపూ పట్టించిన ఎండు ప్లమ్ పళ్ళు. గ్రిసెల్డా పిల్లలు ఆ పళ్ళు చప్పరిస్తూనే పెరిగారు.

హవాయిలోని హీలో ఊరినుంచి వచ్చే క్లిఫర్డ్ కనెషిరో, ఆయన భార్య ఎల్సీ ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒక్క ఏడూ తప్పలేదు. ఎప్పుడూ 611 గదే. దానికి కారణం ఎల్సీ వాన. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తే ఆ గదిలో వాన పడేది. సన్నటి గోరువెచ్చని వాన, తడిసిన అడవి ఆకుల వాసనతో. హీలోలో ఏడాది పొడుగునా వానే కాబట్టి, ఇంట్లో పడేదాన్ని చాలాకాలం కప్పు కారడం అనుకున్నారు. ఈ ఎడారికి వచ్చాకే క్లిఫర్డ్‌కి భార్య సంగతి తెలిసింది. అప్పటికి పెళ్ళయి తొమ్మిదేళ్ళు. కప్పు బాగు చేయించిన డబ్బంతా దండగేనని ఆయన ఇప్పటికీ అంటాడు. 611 కింద పాత సామాన్ల గది ఉంది కనక హోటల్ వాళ్ళు ఆ గది వాళ్ళకే అట్టేపెట్టేవారు.

గ్రిసెల్డా పనిలో చేరిన రోజునే సూపర్‌వైజర్ చెప్పింది. "611లో తడి కనబడితే ముందు అది తుడిచి, పక్క మార్చి, తర్వాతే ఇంకో గదిలోకి వెళ్ళు. గెస్టు తిరిగొచ్చేసరికి చుక్క మిగలకూడదు." ఇరవైరెండేళ్ళుగా గ్రిసెల్డా చుక్క మిగల్చలేదు.

ఈ మార్చిలో ఎల్సీ పోయింది. అక్టోబరులో క్లిఫర్డ్ ఒక్కడే వచ్చాడు.

సోమవారం గ్రిసెల్డా అలవాటు కొద్దీ రెండు బకెట్లు పట్టుకుని 611లోకి వెళ్ళి, కుర్చీలో ఆయన్ని చూసి నాలుక్కరుచుకుంది.

"క్షమించండి అంకుల్. తీసుకుపోతాను."

"ఉండనీ అమ్మాయ్. నాకు వాటితో పనుంది." ఆయన ఆవిడ చేతిలో పళ్ళ పొట్లం పెట్టాడు. "మా కూతురు లోర్నా తెలుసుగా, ఇక్కడికి ఇరవై నిమిషాల దూరంలో ఉంటుంది. హీలోలో ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమంటోంది. కొనేవాళ్ళు కూడా దొరికారు. శుక్రవారం లోపల ఏదో ఒకటి చెప్పాలి. అందుకని పందెం కాశాను."

"ఎవరితో?"

"ఎల్సీతోనే. తనీ గదిలో ఒక్కసారి కురిసిందనుకో, నేనెక్కడ పడుకుంటే అక్కడికి వస్తుందన్నమాట. ఇల్లమ్మేసి ఇక్కడే ఉండిపోతా. కురవలేదంటే తను ఆ ఇంట్లోనే ఉంది. ఒక్కదాన్నే వదిలేసి నేనిక్కడ కూర్చోలేను కదా."

"ఆంటీ మిమ్మల్ని ఏ పందెమైనా గెలవనిచ్చిందా?"

"ఒక్కటీ లేదు" అని నవ్వాడు. నవ్వు పూర్తికాకుండానే కళ్ళు తుడుచుకున్నాడు.

"లోర్నా వచ్చి చూసిందా మిమ్మల్ని?"

"రాదు. ఈ గది పొడిగా ఉంటే చూడలేనంటుంది."

మంగళవారం, బుధవారం మధ్యాహ్నం ఆయన మంచానికి తన వైపునే పడుకుని, ఎల్సీ వైపు ఖాళీగా వదిలాడు. ఏమీ పడలేదు. గురువారం సాయంత్రం గ్రిసెల్డాని పిలిచి, "బకెట్లు తీసుకుపో అమ్మాయ్. పాపం అవి కూడా ఎదురుచూసి అలిసిపోయాయి" అన్నాడు. ఆ ఖాళీ బకెట్లు మోసుకుపోతుంటే గ్రిసెల్డాకి గుండె బరువెక్కింది. తన సొంత తల్లి పోయినప్పుడు దేశం సరిహద్దు దాటి సొంతూరు వెళ్ళలేకపోయిన మనిషి ఆవిడ. ఎదురుచూపంటే ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

శుక్రవారం పన్నెండింటికి ఎయిర్‌పోర్టు వ్యాను. ఉదయం క్లిఫర్డ్ కిందికి తినడానికి వెళ్ళాడు. గ్రిసెల్డాకి ఇంకా పదమూడు గదులున్నాయి. 611 తలుపు తీసింది. లోపల వాన పడుతోంది.

మంచానికి ఎల్సీ వైపు ఎక్కువగా, దీపం మీద కొంచెం, కార్పెట్ మీద కొంచెం. ఒక్క నిమిషం పడి ఆగిపోయింది. అంతే, గ్రిసెల్డా చేతులు కదిలాయి. దీపం తుడిచింది. కార్పెట్ మీద తువ్వాళ్ళు పరిచి కాళ్ళతో తొక్కి తడి పీల్పించింది. తడిసిన దుప్పట్లు, దిండుగలీబులు, తువ్వాళ్ళు చుట్టి, మాసిన బట్టలు కిందికి జారిపోయే గొట్టంలో తోసేసింది. పరుపు తొడుగు మార్చి కొత్త పక్క వేసింది. నాలుగో మూల మడిచి లోపలికి దోపుతుండగా వరండాలో రబ్బరు చెప్పుల చప్పుడు వినిపించింది. అప్పటికి గానీ తనేం చేసిందో ఆవిడ తలకెక్కలేదు.

"అంకుల్! వాన పడింది!"

క్లిఫర్డ్ గబగబా వచ్చి ఎల్సీ దిండు మీద చెయ్యి వేశాడు. పొడిగా, వెచ్చగా, ఇస్త్రీ వాసనతో ఉంది. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచాడు.

"నేనే తుడిచేశాను. ఒట్టు అంకుల్, మా పిల్లల మీద ఒట్టు."

"పిల్లల మీద ఒట్లెందుకమ్మా?" అన్నాడాయన మెల్లగా. "ఈ ఊళ్ళో ముప్పై ఎనిమిదేళ్ళు పేకాడాను. ఎదుటివాళ్ళకి నామీద జాలేస్తే ముఖంలో తెలిసిపోతుంది. నువ్వు మంచిదానివి."

ఆవిడ ఎదుటే కూతురికి ఫోన్ చేశాడు. "లోర్నా, నేను ఇంటికెళ్ళిపోతున్నానే. అమ్మ అక్కడే ఉంది." అవతల కూతురు ఏడుస్తున్నట్టు గ్రిసెల్డాకి వినిపించింది. ఆయన పెట్టె లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

గ్రిసెల్డా తను వేసిన పక్క మీదే కూలబడింది. ఇరవైరెండేళ్ళలో గెస్టు మంచం మీద కూర్చోవడం అదే మొదటిసారి. తన చేతుల్ని తనే తిట్టుకుంది. తర్వాత లేచి మెట్లమీదుగా నేలమాళిగకి దిగింది. ఆరంతస్తుల దుప్పట్లు అక్కడ గుట్టగా పడున్నాయి. సిగరెట్ వాసన, సెంటు వాసన, బీరు వాసన. ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తూ పోయింది. పావుగంటకి అడవి ఆకుల వాసన తగిలింది.

పనివాళ్ళు జూదం హాల్లోంచి నడవకూడదు. ఆవిడ నీళ్ళోడుతున్న దుప్పటి గుండెకి హత్తుకుని హాల్ మధ్యలోంచే వచ్చింది. గార్డు అడ్డం రాబోయి, దుప్పటి చూసి ఆగాడు.

"611దా?"

"అవును."

అతను పక్కకి తప్పుకున్నాడు.

క్లిఫర్డ్ వ్యాను మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నాడు. గ్రిసెల్డా దుప్పటి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన అందులో ముఖం దాచుకుని భుజాలు అదిరేలా ఏడ్చాడు. వ్యాన్లోంచి, పందెం సంగతి ముందే విన్న హవాయి ముసలామె ఒకావిడ తల బయటికి పెట్టింది.

"ఎక్కుతున్నావా లేదా క్లిఫర్డ్?"

"ఎల్సీ వచ్చింది" అన్నాడు.

"అయితే ఈయన పెట్టె దించెయ్ బాబూ" అని ఆవిడ డ్రైవర్‌కి చెప్పింది.

మళ్ళీ ఫోన్ చేస్తే లోర్నా నాలుగింటికి గానీ రాలేనంది. ఆయన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని రిసెప్షన్ ఎదురుగా సోఫాలో కూర్చున్నాడు. మూలలన్నీ లోపలికి మడిచి, తడంతా మధ్యలో ఉండేలా చుట్టి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. కాఫీ ఇస్తే కూడా చెయ్యి తియ్యలేదు. కానీ అది నెవాడా ఎడారి గాలి. ఆ ఊళ్ళో ఆరేసిన బట్ట గంటలో ఫెళఫెళలాడుతుంది.

గ్రిసెల్డా పని ముగించుకుని కిందికి వచ్చేసరికి లోర్నా అప్పుడే లోపలికి వస్తోంది. నలభై దాటిన మనిషి, అచ్చం తల్లి పోలిక. తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి మడతలు విప్పింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా రెండు చేతులతో తడిమింది. తిరగేసి మళ్ళీ తడిమింది.

"తడి లేదేం నాన్నా?"

"నీకోసం పట్టుకునే కూర్చున్నానమ్మా" అన్నాడాయన. "ఆగలేదు."