పూండి గేటు దగ్గర పెట్టె

హేమ ఫోన్ తిప్పి తండ్రి ముఖం ముందు పెట్టింది. "చూడు నాన్నా, నీ సంచులు రేపు పొద్దున్నకల్లా వచ్చేస్తాయి. టెక్కలి ఎవరూ వెళ్ళక్కర్లేదు!"

జగన్నాథరావు కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. కడుపుకు గొట్టం పెట్టించుకుని ఇంట్లోనే డయాలసిస్ చేసుకునే మనిషి. పూటపూటకీ ఒక సంచి మందునీళ్ళు లోపలికి ఎక్కాలి, పాతవి దిగిపోవాలి. సంచులు లేకపోతే ఒంటికి నీరు పట్టేస్తుంది, ఊపిరి ఆడదు. మూలనున్న అట్టపెట్టెలో సంచులు అప్పటికే అడుక్కి వచ్చేశాయి.

మేనల్లుడు విజయ్ ఆటో తాళం తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. "తుపానొత్తందంటన్నారు. ఇప్పుడే టెక్కలెల్లి మావకి పెట్టెలు ఏసుకొచ్చెత్తాను."

"వద్దు బావా. విశాఖలో చదువుకున్నన్నాళ్ళూ ఉప్పు కూడా ఫోన్‌లోనే కొన్నాను."

"ఇది ఇసాపట్నం కాదే గుంటా. గాలొత్తే ఇక్కడ కొబ్బరిసెట్లే నిలబడవు, నీ పోను నిలబడతాదేటి?"

"నీ ఆటోకి బేరం పోతుందని ఏడుపు!"

జగన్నాథరావు నవ్వాడు. "పోన్లేరా, సదువుకున్న పిల్ల. దానికి తెలీదేటి?"

విజయ్ ఆటోని పశువుల పాక పక్కకి తోసి, పైన టార్పాలిన్ కట్టేశాడు.

వాళ్ళ ఊరికి డెలివరీ లేదు. అందుకే ఊరంతా పూండి రైల్వేగేటు దగ్గర ఎల్లాజీ టీకొట్టు అడ్రసే ఇస్తుంది. మిక్సీలు, చీరలు, చెప్పులు అన్నీ అక్కడే దిగుతాయి. ఎల్లాజీ వాటిని పాలడబ్బాల వెనక దాచి, ఊరికెళ్ళే బండి ఏది కనబడితే దానిమీద పంపిస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క పెట్టె పోలేదు. హేమ కూడా రెండో ఆలోచన లేకుండా అదే అడ్రస్ నొక్కేసింది.

తెల్లారేసరికి గాలి తిరిగింది. జీడితోటలో కొమ్మలు పటపటా విరుగుతున్నాయి, సముద్రం హోరు ఇంట్లో మాటని మింగేస్తోంది. ఫోన్‌లో మాత్రం చిన్న బండి బొమ్మ పూండి వైపు చక్కగా కదులుతోంది! హేమ దాన్నే చూస్తూ కూర్చుంది. బండి గేటు దగ్గర ఆగింది. టింగుమంది. 'డెలివర్ అయింది.'

"వచ్చేశాయి నాన్నా!"

వెంటనే ఎల్లాజీకి ఫోన్ చేసింది.

"ఏటమ్మా? పెట్టె ఒచ్చిందా? నాను నిన్నే పలాసొచ్చీసినాను కదా, మా సెల్లి ఇంటికి. కొట్టుకి తాళం ఏసీసినాను. ఎవులికిచ్చినాడు?"

లైన్ తెగిపోయింది. మళ్ళీ కలవలేదు. డెలివరీ కుర్రాడు పంపిన ఫోటో మాత్రం తెరమీద ఉంది. హేమ వేళ్ళతో పెద్దది చేసింది. దించేసిన షట్టర్, దాని ముందు మెట్టుమీద పెట్టె, కింది మెట్టు దాకా మట్టినీళ్ళు.

విజయ్ ఆ ఫోటో చూశాడు. గొడ్డలి తీసుకున్నాడు. "దార్లో సెట్లు పడిపోయుంటాయి, ఆటో ఎల్లదు. నడిసెల్తాను."

"బావా, కాస్త తగ్గాక వెళ్ళు."

"తగ్గీదాకా మావకి ఊపిరుండాల గదే."

అతను తోటలోకి దిగాడు. ఎర్రచొక్కా కాసేపు కనబడింది, తర్వాత వాన తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నమైంది. జగన్నాథరావు గోడకి ఆనుకుని, నోటితో గాలి పీలుస్తున్నాడు. మిగిలిన ఒక్క సంచీ దాచుకోవాలని పొద్దుటి పూట ఎక్కించలేదు, పాదాలు ఉబ్బాయి. హేమ చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని, పెట్టెలోంచి సంచి తీసి కొక్కేనికి తగిలించింది. పెట్టెలో ఇక అట్ట అడుగే కనబడుతోంది.

"ఇదైపోతే ఇంకోటుందేటమ్మా?"

సిగ్నల్ లేని ఫోన్‌లో ఫోటో ఇంకా అలాగే ఉంది. నీళ్ళు ఇంకా కింది మెట్టు దగ్గరే ఉన్నాయి, ఆ ఫోటోలో.

"ఉంది నాన్నా. పూండిలో."

"ఇజయ్ ఒచ్చీసినాడా?"

హేమ బదులు చెప్పేలోపే, అతను వెళ్ళిన వైపు నుంచి ఏదో పెద్ద చెట్టు వేళ్ళతో సహా లేచిన చప్పుడు వచ్చింది. ఆ వెనకే ఇంకొకటి.