పొడుగు కారుకు ఎడమ పక్క

"మీ కారుకి చిగుళ్ళొచ్చాయే!" అంది అమ్మ, బల్ల మీదికి వంగి చూసి.

అక్క తల ఎత్తలేదు. వేలెడంత సీటుని గరుకు కాగితంతో నున్నగా రుద్దుతోంది. ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేస్తుంది. చిగుళ్ళు పోయడానికి వాడే గులాబీరంగు ముద్ద కొంచెం మిగిలితే యజమానిని అడిగి తెచ్చుకుని, దానితో కారుకి సీట్లు పోసింది.

"రంగు వేశాక ఎర్రతోలు సీట్లవుతాయిలే అమ్మా."

"అయ్యేదాకా ఏదైనా గుడ్డ కప్పవే. ఇంటికొచ్చినవాళ్ళు మీ నాన్న పళ్ళ సెట్టనుకుంటారు."

ఆ కారు అసలు కారులో పదహారో వంతు. మోచేతి పొడుగుంటుంది. అసలుది పెద్ద హోటల్ వాళ్ళ పాతకాలపు కారు. నల్లగా, పొడుగ్గా, దొరబాబులా ఉండేది. కోడిగుడ్లంత కళ్ళేసుకుని చూస్తున్నట్టు ముందు రెండు హెడ్‌లైట్లు, కాలు పెట్టి ఎక్కడానికి తలుపుల కింద ఫుట్‌బోర్డు, తలుపుల మీదుగా ముందు నుంచి వెనకదాకా వెండిలా మెరిసే పట్టీ. అక్కకి ఊహ తెలిసినప్పటినుంచీ దాన్ని నడిపింది నాన్నే. స్టేషన్లో దిగిన అతిథులు ముందు కారుని చూసి, తర్వాత నాన్న యూనిఫాం చూసి, ఆ తర్వాతే తమ సామాను చూసుకునేవాళ్ళు.

పోయిన ఏడాది హోటల్ వాళ్ళు దాన్ని పాతకార్లు పోగుచేసే ఆయనెవరికో అమ్మేశారు. నాన్నని పార్కింగ్‌లో టోకెన్లిచ్చే కుర్చీలో కూర్చోబెట్టారు. జీతం తగ్గలేదు, మర్యాదా తగ్గలేదు. అందరూ ఇప్పటికీ 'పెద్ద డ్రైవరుగారూ' అనే పిలుస్తారు. కానీ ఆ రోజునుంచి నాన్న హోటల్‌కి వెనక గేటునుంచి వెళ్తున్నాడు. ఎందుకని అడిగితే, "అటు దగ్గర," అన్నాడు. అటు దూరమని ఇంట్లో అందరికీ తెలుసు. ముందునుంచి వెళ్తే కారు ఆగే పోర్టికో ఖాళీగా కనిపిస్తుంది. అదీ సంగతి.

హోటల్ హాలు కొత్తగా బాగుచేస్తున్నారనీ, గుమ్మానికి ఎదురుగా అద్దాల పెట్టెలో ఆ కారు బొమ్మ పెట్టాలని మేనేజరుగారు కేటలాగ్ తిరగేస్తున్నారనీ తెలిసినప్పుడు అక్క చేసిన పనికి ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయారు. బస్సులో చిల్లర తిరిగివ్వమని అడగడానికే మొహమాటపడే పిల్ల. తిన్నగా వెళ్ళి మేనేజరుగారి ముందు నిలబడి, "నేనూ తమ్ముడూ చేసిస్తాం మేడమ్," అంది.

మేనేజరుగారు ఆమెని ఎగాదిగా చూసింది. "సరే. మీ నాన్నగారు చూసి, 'ఇది మన కారే' అంటే పెడదాం. లేదంటే కేటలాగ్‌లోదే. హాలు శనివారం తెరుస్తున్నాం, గుర్తుంచుకో."

గుమ్మానికి ఎదురుగా తన కారుంటే నాన్న ముందునుంచి రాకుండా ఉండగలడా? అక్కకి కావలసింది అంతే.

నాన్న మాత్రం ఆ మాట వినగానే జడ్జీ అయిపోయాడు. "నేను అబద్ధం చెప్పను. ముందే చెబుతున్నా," అన్నాడు. బల్ల మీద కారుంటే తన కుర్చీ గోడవైపు తిప్పుకుని టీ తాగేవాడు.

"గోడలో ఏం కనిపిస్తోందండీ?" అనేది అమ్మ.

"పరీక్షకి ముందు పేపరు చూడకూడదు."

"పేపరు దిద్దేది మీరేగా!"

"అందుకే చూడకూడదు."

మామూలుగా ఇద్దరు కలిసి బొమ్మ కారు చేస్తే ఒకరు బాడీ, ఒకరు చక్రాలు అనుకుంటారు. అక్కా తమ్ముడూ అలా అనుకోలేదు. కారుని నిలువునా రెండుగా పంచుకున్నారు. చిన్నప్పుడు ఆదివారాలు నాన్న ఇద్దర్నీ హోటల్‌కి తీసుకెళ్ళి చెరో గుడ్డ ఇచ్చేవాడు. గోడవైపు ఎడమ పక్క అక్కది, డ్రైవరు కూర్చునే కుడి పక్క తమ్ముడిది. ఒకరి గుడ్డ బానెట్ మధ్యగీత దాటితే రెండోవాళ్ళు కొట్లాటకి దిగేవాళ్ళు. ఆ హద్దు ఇప్పటికీ అలాగే ఉంది. టాపు, బానెట్, చక్రాలు ఉమ్మడి. తలుపులు, మడ్‌గార్డులు, పట్టీ మాత్రం ఎవరివి వాళ్ళవే.

తమ్ముడిది సైన్‌బోర్డుల షాపులో పని. ప్లాస్టిక్ రేకుని వెంట్రుకవాసి తేడా లేకుండా కోస్తాడు, స్ప్రే పట్టుకుంటే రంగు చెమ్మగిల్లినట్టు సమంగా పడుతుంది. పొద్దున పనికి వెళ్ళేలోపు అక్క, సాయంత్రం వచ్చాక తమ్ముడు కూర్చునేవాళ్ళు. ఇద్దరూ ఒకేసారి కూర్చుంటే బల్ల చాలదు, అమ్మకి ఓపిక చాలదు.

పళ్ళ సెట్టుకి కొక్కేలు వంచే ఉక్కుతీగతో అక్క వైపర్లు వంచింది. అదే తీగని చిన్న ముక్కలు చేసి వరసగా పేర్చి, ముందు జాలీ అతికించింది. ఓ రోజు అమ్మ కుట్టుమిషను సొరుగు బల్ల మీద బోర్లించింది.

"నా టిచ్ బటన్లేవే?"

"చక్రాలకి మూతలు కావాలి కదమ్మా."

"నాలుగు పోతే ఊరుకుందును. ఆరు పోయాయి!"

"మడ్‌గార్డుల మీద స్టెప్నీలు రెండు."

"నా జాకెట్టు ఊడిపోతే ఆ స్టెప్నీలే వచ్చి పట్టుకుంటాయా?" అంటూనే అమ్మ మిగిలిన బటన్లని కూడా ఒక పొట్లం కట్టి బల్ల చివర పెట్టింది.

తమ్ముడు తన పక్కని ఫోటోలు చూసి చేశాడు. అతిథులు దిగిన ఫోటోలు ఇంట్లో బోలెడు. కానీ అన్నీ కుడివైపునుంచి తీసినవే. ఎడమ పక్క, కారుకీ గోడకీ మధ్య ఒక చిన్నపిల్ల కూర్చునేంత సందే ఉండేది. కెమెరా పట్టుకుని ఎవరు దూరతారు?

"నాకు ఫోటో ఎందుకు? నా చేతికి తెలుసు," అంది అక్క.

రెండు పక్కలూ టాపుకి అతికించిన రోజు తమ్ముడు కారుని ముందునుంచి చూశాడు, వెనకనుంచి చూశాడు.

"అక్కా, నీ పట్టీ జారిపోతోందేంటే?"

"జారడం కాదు. అలాగే ఉండేది."

"నా పట్టీ తిన్నగా ఉంది. నీది వెనక్కి వాలింది. ఒక కారుకి రెండు పట్టీలు రెండు రకాలుగా పెడతారా ఎవరైనా? ఆ పైన తెల్ల గీతేంటి?"

"పట్టీకి పైన సన్నటి తెల్ల గీత ఉండేదిరా. ముందు తలుపు దగ్గర గీతకీ పట్టీకీ మధ్య ఒక వేలు పట్టేది. వెనక తలుపు చివర నాలుగు వేళ్ళు పట్టేవి. ప్రతి ఆదివారం కొలిచేదాన్ని."

"నా పక్క ఏ గీతా లేదు!"

"నీ పక్కన లేదేమో. నా పక్కన ఉంది."

"నీకు కావాలంటే 'నా పక్కన సూర్యుడు పడమట పొడిచేవాడు' అంటావు," అని తమ్ముడు చేతులు దులుపుకున్నాడు. కానీ గీత చెరపలేదు. ఆ పక్క అతనిది కాదు.

బుధవారం సాయంత్రం నాన్న కుర్చీని ఇద్దరూ కలిసి బల్లవైపు తిప్పారు.

నాన్న చేతులు కడుక్కుని వచ్చాడు. బల్ల ముందు గొంతుక్కూర్చుని, కళ్ళు కారు ఎత్తుకి తెచ్చి, ఒక కన్ను మూశాడు. గోరుతో డ్రైవరు తలుపు తెరిచాడు. లోపల ఎర్రసీటు, స్టీరింగు, గేరు రాడ్డు. "ఊఁ," అన్నాడు. తలుపు వేశాడు. కుడి పక్కంతా చూసి ఇంకోసారి "ఊఁ," అన్నాడు. తమ్ముడు అమ్మవైపు చూసి కనుబొమలెగరేశాడు.

నాన్న ఎడమ పక్కకి జరిగాడు. ఈసారి 'ఊఁ' రాలేదు.

"ఈ తెల్ల గీత ఎక్కడిదమ్మా?"

"ఉండేది నాన్నా."

"లేదు. పట్టీ వాలిందేం?"

"వాలే ఉండేది. నేను తుడిచేదాన్ని కదా."

"నేను నడిపేవాణ్ణి కదా తల్లీ." నాన్న మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు. "బాగా చేశారు. ఇంత బాగా చేస్తారనుకోలేదు. కానీ ఇది మన కారు కాదు."

"సొంత పిల్లలండీ!" అంది అమ్మ. "అవును అంటే మీ నోరేమైనా అరిగిపోతుందా?"

"అరగదు. కానీ రేపు ఆవిడ నన్ను నమ్మి అడుగుతుంది."

అక్క కారు మీద గుడ్డ కప్పింది. గీత చెరిపేసి, పట్టీ తిన్నగా చేస్తే సరిపోతుందని ఆమెకీ తెలుసు. కానీ చెయ్యి రాలేదు. అన్ని ఆదివారాలు కళ్ళ ముందున్న గీత లేదంటే, ఇక తనకి ఆ కారు గురించి తెలిసిందేమిటి?

మర్నాడు పనికి వెళ్తూ హోటల్ దగ్గర దిగింది. పోర్టికో ఖాళీగా ఉంది. పాత ఆయిల్ మరక ఒకటి నేల మీద అలాగే ఉంది. ఊడ్చే ఆవిడ బకెట్ పెట్టుకుని నేల కడుగుతోంది. అక్క వెళ్ళి గోడకి వీపు ఆన్చి, చిన్నప్పుడు కూర్చున్న చోటే గొంతుక్కూర్చుంది.

"ఏం పోయింది తల్లీ? చెవిదుద్దా?" అంది ఊడ్చే ఆవిడ.

"కాదు పిన్నీ. ఒక గీత."

ఆవిడ అక్కని ఓసారి జాలిగా చూసి తన పని తాను చేసుకోసాగింది. అక్క కళ్ళు ఎదురుగా ఉన్న బకెట్ మీద పడ్డాయి. బకెట్ నిలకడగానే ఉంది. నీళ్ళు మాత్రం రోడ్డువైపు అంచుదాకా వచ్చాయి, లోపలివైపు అంచుకి అర వేలు కిందే ఉండిపోయాయి.

"పిన్నీ, ఈ నేల ఏటవాలుగా ఉంటుందా?"

"ఉండదూ మరి? లేకపోతే వాననీళ్ళు లోపలికొచ్చి సోఫాల్లో కూర్చుంటాయి."

అక్క వెనక్కి తిరిగి గోడ చూసింది. నల్లటి పలకల మధ్య, నడుము ఎత్తున, గోడ పొడుగునా తెల్ల పలకల వరస ఒకటి. తిన్నగా, బకెట్లో నీళ్ళలాగే. నేలతో పాటు వాలింది కారు. తిన్నగా ఉన్నది గోడ. ఆ తెల్ల వరస నీడ, అద్దంలో పడ్డట్టు, నల్లటి తలుపుల్లో పడేది. తను ఎంత బాగా తుడిస్తే అంత స్పష్టంగా పడేది.

ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఒక్కతే కూర్చుని పగలబడి నవ్వింది.

"దొరికిందా?" అంది ఊడ్చే ఆవిడ.

"దొరికింది పిన్నీ! గోడ మీదుంది!"

సాయంత్రం తమ్ముడు చెప్పులు విప్పకముందే అక్క గుమ్మంలోకి ఎదురొచ్చింది. "ఒరేయ్, నువ్వే కరెక్టు."

తమ్ముడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటీ? అమ్మా, నువ్వూ రా. ఇంకోసారి చెబుతుందట."

మొత్తం విన్నాక మాత్రం వెక్కిరించలేదు. "అంటే కారుకి గోడ నీడ అతికించావా!" అని అతనూ నవ్వాడు. ఇద్దరూ మొదటిసారి ఒకేసారి బల్ల ముందు కూర్చున్నారు. అక్క పట్టీ ఊడదీసి, గీతతో సహా ఎడమ పక్కంతా అరగదీసింది. తమ్ముడు హద్దు దాటి ఆ పక్కకి రంగు వేశాడు. అతనికి అందేలా కారుని ఆమే తిప్పి పట్టుకుంది. కొత్త పట్టీ ఈసారి తిన్నగా అతికింది.

"అయిపోయింది," అన్నాడు తమ్ముడు.

"కాలేదు." అక్క పళ్ళ అచ్చులు పోసే గట్టి సున్నం తడిపింది. వెనక్కి వాలిన నేల పోసింది. బకెట్లో చూసినట్టే అటు ఎత్తు, ఇటు పల్లం చూసుకుంది. ఎడమవైపు గోడ లేపి, నల్లరంగు మీద తెల్ల పలకల వరస ఒక్కొక్కటే పేర్చింది. పళ్ళు పేర్చే చేతికి అదేం కష్టం కాదు.

"గోడ కట్టేస్తే నీ పక్క ఎవరికి కనిపిస్తుందే? ఇంత కష్టపడి దాచేస్తావా?"

"అది ఉండేదే అక్కడ," అంది అక్క.

శనివారం పొద్దున హాల్లో అద్దాల పెట్టె తలుపు తెరిచి పెట్టారు. మేనేజరుగారు కబురు పంపితే నాన్న వెనక గేటునుంచే వచ్చాడు. పెట్టెలో, బొమ్మ పోర్టికోలో ఆగి ఉన్న కారుని చూసి ఆగిపోయాడు. దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. కుడి పక్క చూడలేదు. గోడకి చెంప ఆన్చినంత పని చేసి, ఒక కన్ను మూసి, సందులోకి చూశాడు. మెరుగుపెట్టిన నల్లటి తలుపుల్లో తెల్ల గీత, పట్టీకి ముందు దగ్గరగా, వెనక దూరంగా.

మేనేజరుగారు గొంతు సవరించుకుంది.

నాన్న లేచి చొక్కా జేబు తడిమి అగ్గిపుల్ల ఒకటి తీశాడు. అన్నం తిన్నాక పళ్ళు కుట్టుకునే పుల్ల. వద్దని అక్క ఎన్నిసార్లు పోట్లాడినా మానడు. దాన్ని గోరంత ముక్క విరిచి, కారు వెనక చక్రం కింద ఆనించి, బిగువుగా ఉందో లేదో వేలితో నొక్కి చూశాడు.

"వాలు మీద బండి ఆపి చక్రం కింద ఏమీ పెట్టకపోతే ఎలా తల్లీ? రాత్రికి రాత్రి రోడ్డు మీదికి పోతుంది."

తమ్ముడు అక్క మోచేతి మీద పొడిచాడు.

"అసలు సంగతి చెప్పలేదు పెద్ద డ్రైవరుగారూ," అంది మేనేజరుగారు. "ఇది మన కారేనా?"

"మరి ఎవరిదమ్మా? ఈ పెట్టె తాళం నాకివ్వండి. రోజూ పొద్దున్నే తుడవాలి, దుమ్ము పడితే చూడలేం."

తాళంచెవి జేబులో వేసుకుని, యూనిఫాం సర్దుకుని, నాన్న ముందు గుమ్మంలోంచి బయటికి నడిచాడు.

"అక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా, "ఎడమ పక్క ఎలా తుడుస్తాడే? ఆ సందులో వేలు కూడా పట్టదు."

"పళ్ళ సందులు తోమే సన్న బ్రష్షుంది నా దగ్గర," అంది అక్క. "సాయంత్రం తెచ్చిస్తాలే."