మావి పడేదాకా

పెయ్యదూడ ముక్కు తుడిచిన గుడ్డల్లో పొద్దున్నుంచి ఇది నాలుగోది. ఉతికి ఆరేసేదీ ఆమే. ఆ ఇంట్లో దూడదైనా, మామగారిదైనా, ఎవరి ముక్కు కారినా గుడ్డ వచ్చి ఆమె చేతిలోనే పడుతుంది. దూడకి ఇంకా నెల నిండలేదు. ఊపిరి తీస్తే డొక్కలు కొలిమి తిత్తుల్లా ఎగిరిపడుతున్నాయి.

పశువుల డాక్టరు దూడ ఛాతీకి గొట్టం ఆనించి విన్నాడు. దూడ తల పట్టుకున్నది ఆమె అయినా, ఆయన మాట్లాడింది మాత్రం గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ ఆమె భర్తతో. మనిషి బిడ్డకైతే తల్లి కడుపులోనే కొంత రక్షణ అందుతుందట. దూడకి అదేమీ ఉండదు, ఉత్త చేతుల్తో భూమ్మీద పడుతుంది. తల్లి మొదటి ముర్రుపాలే దాని ఆస్తి. పుట్టిన రెండు మూడు గంటల్లో తాగిస్తే ఆ బలం పేగుల్లోంచి నెత్తుట్లోకి ఎక్కుతుంది. రోజు దాటిందా, ఆ దారి మూసుకుపోతుంది. తర్వాత ఎన్ని కుండలు పోసినా కడుపు నిండటానికే.

"తల్లి ఇచ్చింది రెండు మూడు నెలల్లో అరిగిపోతుందండీ. సొంతది తయారవడానికి నాలుగైదు నెలలైనా పడుతుంది. ఆ మధ్యలోనే ఊపిరితిత్తులకి కాపలా తగ్గేది. అసలు తల్లిదే అందకపోతే మొదటిరోజు నుంచీ తలుపుల్లేని ఇల్లే. దీనికి ముర్రుపాలు ఎప్పుడు పట్టారు? నిజం చెప్పండి. పట్టకపోతే వేరే ఆవు నెత్తురు ఎక్కించి చూడొచ్చు."

"పుట్టిన వెంటనే పట్టాం డాక్టరుగారూ" అన్నాడు భర్త. మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా అన్నాడు.

ఆమె చెయ్యి దూడ చెవి మీద ఆగిపోయింది. ఆవు ఈనింది సాయంత్రం. దూడ వెంట వచ్చే మాయ, అదే మావి, ఇంకా పడలేదు. అప్పుడే చెంబు పట్టుకుని పొదుగు దగ్గర కూర్చుంది. వాళ్ళమ్మ అలాగే చేసేది. దూడ లేచి నిలబడేలోపు నోట్లో పాలు పడాలనేది. అత్తగారు గడప దాటి వచ్చి, "మావి పడకుండా పొదుగు ముట్టుకుంటావా? అది లోపలే ఉండిపోతే ఆవునెవరు బతికిస్తారు, మీ అమ్మా?" అంది. దూడ చీకితేనే మావి తొందరగా పడుతుందని డాక్టరు కిందటేడే చెప్పాడని ఆమె నసిగింది. "ఆ డాక్టరు ఎన్ని ఈతలు ఈనాడట?" అంది అత్తగారు. భర్త పగలబడి నవ్వాడు. "పుట్టింటి వైద్యం పుట్టింట్లోనే చెయ్యవే" అన్నాడు. ఆమె చెంబు కడిగి వంటింట్లో బోర్లించింది. మావి మర్నాడు రాత్రికి గాని పడలేదు. దూడకి పాలు ఆ తర్వాతే.

ఇప్పుడు నోరు తెరిస్తే చాలు. "మర్నాడండీ" అనే ఒక్క మాట. భర్త ఆమె వైపు చూడను కూడా లేదు. చూడాల్సిన అవసరం లేదని అతనికి పదకొండేళ్ళుగా తెలుసు. ఆమె వంగి దూడ ముక్కు మళ్ళీ తుడిచింది.

"అయితే ఇది కొట్టం గాలి వల్లే" అని డాక్టరు చలికని నాలుగు వైపులా దించేసిన గోనె పట్టాల్ని చూశాడు. వాటిని పైఅంచున మేకులు కొట్టి బిగించింది భర్తే. ఆమె రోజూ తెల్లారగానే ఒక అంచు ఎత్తేది, అతను మళ్ళీ దించేవాడు. "లోపల మూత్రం ఘాటుకి నా కళ్ళే మండుతున్నాయి. కొట్టం చూసుకునేదెవరు?"

"ఇదిగో, ఈవిడే" అన్నాడు భర్త.

ఆ రోజు డాక్టరు ఆమెతో మాట్లాడింది అప్పుడొక్కసారే. "కాస్త శుభ్రంగా ఉంచాలమ్మా" అన్నాడు. ఆమె తలూపింది.

నాలుగో రోజు పెయ్య ఆమె ఒళ్ళోనే మెడ వాల్చేసింది. నీ చెయ్యి మంచిది కాదంది అత్తగారు. అని ఊరుకోలేదు. "నల్లావు పది రోజుల్లో ఈనుతుంది. ఈసారైనా నీ తొందర కట్టిపెట్టు" అంది.

"సరే అత్తయ్యా."

గుడ్డలు ఉతుకుతుంటే డాక్టరు మాట చెవిలో మెదిలింది. తల్లి ఇచ్చింది అరిగిపోయి, సొంతది ఇంకా తయారుకాని మధ్యకాలం. ఈ ఇంటికి వచ్చేటప్పుడు ఆమె దగ్గర కూడా వాళ్ళమ్మ ధైర్యం ఉండేది, ఎదురు మాట్లాడే పాటి ధైర్యం. అది మొదటి ఏడే అరిగిపోయింది. దూడకి ఆ మధ్యకాలం నాలుగైదు నెలల్లో తీరిపోతుందట.

పిండిన గుడ్డలు తీగ మీద వేసి, బోర్లించిన చెంబు తీసుకెళ్ళి గడ్డివాము వెనక దాచింది. కొట్టం తలుపుకి లోపలివైపూ ఒక గొళ్ళెం ఉంది, తుప్పు పట్టి. దానికి నూనె రాసి రెండుసార్లు వేసి, తీసి చూసింది. నల్లావు ఈనిన రోజు ఆ తలుపు తీశాక తనకేం జరుగుతుందో ఆమెకి తెలుసు. అప్పటికి దూడ కడుపులో పాలు పడి ఉంటాయి.