ఇంకొక్క ఏడాది దంపతులు

మా అమ్మ మంచంలో ఉన్న పదేళ్లూ ఎత్తి, కడిగి, తినిపించింది నా భార్య ఆర్డిస్. ఆదాయపు పన్నులో అమ్మను తన మీద ఆధారపడిన మనిషిగా చూపించి తగ్గింపు తీసుకున్నది మా అక్క వెల్డా. మందులు కొంటున్నది తనేనంది. ఎత్తినందుకు, కడిగినందుకు తగ్గింపు లేదు.

ఇంటిల్లిపాదికీ పన్ను కాగితాలు రాసేది అక్కే. ఏటా ఫిబ్రవరిలో మా వంటింట్లో కూర్చుని ఆర్డిస్ కలిపిన కాఫీ తాగుతూ, వృత్తి అన్నచోట నాకు పాడి రైతు అనీ, ఆమెకు గృహిణి అనీ రాసేది. తెల్లారకముందే ఆర్డిస్ నాతో సమానంగా ఆవుల దగ్గర ఉండేది.

"అలా రాస్తేనే సులువు, అమ్మాయ్. సంతకం పెట్టు."

పెట్టేది. ఆ తర్వాత తనకే జబ్బు చేసి, అది ముదిరాక ఒకరోజు నాతో అంది: "సంతకం పెట్టిన ప్రతిసారీ నాలోంచి ఒకావిడ లేచి బయటికి వెళ్లేది, లైల్. మంచులో పశువుల కొట్టం పక్కన నిలబడి ఈ ఇంటివైపు చూసేది. లోపల మిగిలిన నేను గిన్నెలు కడిగేదాన్ని. ఆవిడ ఎప్పుడో ఒకసారి లోపలికి రానంటుందని భయంగా ఉండేది. ఇప్పుడు భయం లేదు."

డిసెంబరు చివరికి ఆమె ఒంట్లో ఏమీ మిగల్లేదు. అక్క మంచం పక్కనే కూర్చుని నాతో మాట్లాడింది.

"ఒరేయ్, భార్య ఏ తారీఖున పోయినా ఆ ఏడాదంతా దంపతులుగానే లెక్క. జనవరి ఒకటి వచ్చిందా, ఇంకో ఏడాది ఇద్దరి పేరుతో దాఖలు చెయ్యొచ్చు. పన్ను బాగా తగ్గుతుంది. రెండ్రోజులేగా, ఓపిక పట్టమను."

ఆర్డిస్ కళ్లు తెరిచింది. "నేను వింటున్నాను, వదినా."

"విను మరి. నీ మొగుడి మంచికే చెప్తున్నా."

"ఈ ఇంట్లో పనులన్నీ నాతోనే చేయించారు. ఇది మాత్రం చెయ్యను."

ముప్పై ఒకటో తారీఖు మధ్యాహ్నం, నా చేతిలో చెయ్యి పెట్టి పోయింది.

ఇంటికొచ్చి ఆమెను చూసే నర్సుకు చెప్పాలని వంటింట్లోకి వెళ్లాను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అక్కడి గోడకే ఉంది. అక్క దానికి అడ్డంగా నిలబడింది.

"నర్సు వచ్చి చూసి కాగితం మీద తారీఖు రాసేదాకా పోయినట్టు కాదురా. రేపు పొద్దున పిలుద్దాం. చలికాలమేగా, ఏమీ కాదు."

"తప్పుకో అక్కా."

"నీకు పిచ్చా? ఒక్క రాత్రి!"

గంటసేపు అరుచుకున్నాం. ఆవిడ కదల్లేదు. బయట కారు ఆగింది. నర్సు జోలీన్ బూట్లకంటిన మంచు దులుపుకుంటూ లోపలికొచ్చింది.

అక్క గొంతు మార్చింది. "నిద్రపోతోందమ్మా. రేపు రా."

"అదేంటి, ఆర్డిసే రమ్మందిగా! పావుగంట క్రితం ఫోన్ చేసింది. ఇవాళ్టి తారీఖే రాయాలి, మా వదిన మాట వినొద్దు అంది."

అక్క వీపు ఇంకా ఫోనుకు ఆనుకునే ఉంది. మెల్లగా పక్కకు జరిగింది. ఫోను వైపు తిరిగి చూడలేదు. కోటు కూడా తీసుకోకుండా బయటికి నడిచింది.

జోలీన్ లోపలికెళ్లి ఆర్డిస్ చెయ్యి పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. పోయి ఎంతసేపైందని అడిగింది. చెప్పాను. గడియారం వైపు రెండుసార్లు చూసింది. అయినా ఆ తారీఖే రాసింది.

తర్వాతి ఏడాది నుంచి ఒంటరివాడిగానే పన్ను కడుతున్నాను. ఎక్కువే కడుతున్నాను. ఆ ఫోన్ చేసిందెవరని జోలీన్ అడిగింది, చర్చిలో వాళ్లు అడిగారు. ఇక్కడ చెప్పిందే మొదలు, ఇదే ఆఖరు. ఇంకెవరడిగినా నోరు విప్పను.